ప్రాజెక్టు ఎవరు చేశారు?

(చెన్నై పెరంబూరు వైపు ఉన్న ఒక క్యాథలిక్ ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో, తెలుగు తల్లిదండ్రుల కోసం 2026 మార్చి రెండో శనివారం పెట్టిన సమావేశంలో ఒక టీచర్ మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినబడుతోందా అండీ? ఈ మైకు మొదటి ఐదు నిమిషాలు గురగురమంటుంది, తర్వాత అదే దారికొస్తుంది. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ముందు కూర్చుంటే ప్రశ్నలడుగుతారేమో అన్న భయం, బడి వదిలి ఇన్నేళ్లయినా మనకి పోలేదు.

సిస్టరమ్మ నాకు అప్పజెప్పిన పని చిన్నదే. ఈ ఏడాది పిల్లలు ఏమేం చేశారు, చేసినదాంట్లో ఏం నేర్చుకున్నారు, అది తెలుగులో చెప్పమన్నారు. మామూలు మీటింగుల్లో తమిళంలో చెబుతుంటే మనవాళ్లలో సగం మంది అర్థమైనట్టు తలూపి, అయిపోయాక గేటు దగ్గర నన్ను పట్టుకుని "మిస్, ఇంతకీ ఏమన్నారు?" అని అడుగుతున్నారు కదా, అందుకని ఈ ఏర్పాటు.

యాన్యువల్ డే, స్పోర్ట్స్ డే, ఫ్యాన్సీ డ్రెస్, క్రిస్మస్‌కి కట్టిన పశువుల పాక, ఇవన్నీ మీరు వాట్సాప్ గ్రూపులో చూసేశారు, చప్పట్లు బొమ్మలు కూడా పెట్టేశారు. మళ్లీ వాటి గురించి చెప్పి మీ టైము తినను.

కిందటేడు సైన్స్ ఎగ్జిబిషన్ గుర్తుందా? హాలు నిండా థర్మోకోల్. అగ్నిపర్వతాలు, గాలిమరలు, లైట్లు వెలిగే సౌరకుటుంబాలు. ఒక పాప పక్కన కూర్చుని, శనిగ్రహం చుట్టూ ఈ రింగు ఎందుకు పెట్టావమ్మా అని అడిగితే "నాన్న పెట్టారు మిస్" అంది. పాపం, ఉన్న మాటే చెప్పింది. ఇప్పుడవి షాపుల్లో రెడీమేడ్‌గా కూడా దొరుకుతున్నాయి, మామూలుదైతే ఇంత, లైట్లదైతే ఇంత అని. మిమ్మల్ని అనడం లేదు. రాత్రి పది దాటాక "అమ్మా, రేపు ప్రాజెక్టు తీసుకెళ్లాలి" అని పిల్ల గుమ్మంలో నిలబడితే ఏ తల్లి మాత్రం ఏం చేస్తుంది, కత్తెర తీసుకుని తనే కూర్చుంటుంది. కానీ ఆ రాత్రి నేర్చుకున్నది తల్లి. పిల్ల నిద్రపోయింది.

అందుకని ఈ ఏడాది టీచర్లమందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఏ పని చేయించినా చివర్లో, ఇది ఎవరు చేశారు అని అడుక్కోవాలి. పిల్ల చేతులు, పిల్ల కళ్లు, పిల్ల కోపం, పిల్ల తగాదా అందులో లేకపోతే అది ఎంత అందంగా ఉన్నా మాకొద్దు. ఎగ్జిబిషన్ తీసేశాం. తీసేశామని కొంతమందికి కోపం వచ్చింది, ఆ సంగతీ నాకు తెలుసు, ముందు చెప్పేది వినండి.

అక్టోబరులో వానల దగ్గర మొదలుపెట్టాం. చెన్నైలో ఏడాది మొత్తం మీద పడే వాన సుమారు 1,400 మిల్లీమీటర్లు, అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడిపోతుంది. మీలో కోస్తా నుంచి వచ్చినవాళ్లకి జూన్, జులై వానలు అలవాటు, నెల్లూరు వాళ్లకి మాత్రం మనలాగే దీపావళి వాన తెలుసు. సరే, వాన కొలవడానికి నాలుగో తరగతి వాళ్లకి ఒక్కో బృందానికి ఒక్కో నీళ్ల సీసా ఇచ్చాం. భుజం దగ్గర కోసి, పై ముక్కని తలకిందులుగా గరాటులా అందులోనే దూర్చారు. సీసా అడుగు గుంతలు గుంతలుగా ఉంటుంది కదా, దాన్నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది, అందుకని నాలుగు గులకరాళ్లు వేసి, గోడ నిటారుగా మొదలయ్యే చోటి దాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీశారు. ఆ పైన స్కేలు చూసి మిల్లీమీటర్ల గీతలు. ఇదంతా వాళ్ల పనే. గీతలు వంకరగా ఉన్నాయి, ఒకదాంట్లో 20 తర్వాత 40 వచ్చింది, అదీ వాళ్ల పనే.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, ఒక బృందానికి లీటరు సీసా దొరికింది, ఇంకో బృందం ఇంటి నుంచి లావుపాటి ప్లాస్టిక్ జాడీ తెచ్చుకుంది. ఇక జాడీ బృందం మీసం మెలేసింది, మా దాంట్లోనే ఎక్కువ వాన పడుతుంది అని. లీటరు సీసా వాళ్లు ఏడుపు మొహాలు పెట్టారు, ఇది అన్యాయం మిస్, మాకూ పెద్దది కావాలి అని. నేనేం మాట్లాడలేదు. ఆ రాత్రి బాగా కురిసింది. పొద్దున చూస్తే రెండింట్లోనూ నీళ్ల ఎత్తు ఒకటే! నమ్మలేదు. జాడీలో నీళ్లు ఎవరో పారబోశారన్నారు, పేర్లు కూడా చెప్పారు. మళ్లీ పెట్టారు. మళ్లీ అంతే. మూడోసారి వాన పడ్డాక, ఎప్పుడూ వెనక బెంచీలో గోడకి ఆనుకుని కూర్చునే ఒకమ్మాయి లేచి, "మిస్, జాడీకి నోరు పెద్దదే, పొట్టా పెద్దదే" అంది. అంతే! పడే నీళ్లు ఎక్కువే, పరుచుకునే చోటూ ఎక్కువే, అందుకని ఎత్తు మారదు. ఘనపరిమాణం పాఠం నేను ఆరో పీరియడులో నల్లబల్ల మీద చెప్పి ఉంటే ఆ పిల్ల కిటికీలోంచి కాకుల్ని చూస్తూ ఉండేది.

తర్వాత నుంగంబాక్కం వచ్చింది. అక్కడి వాతావరణ కేంద్రం లెక్క రోజూ పేపర్లో పడుతుంది, మీనంబాక్కం లెక్కతో పాటు. వాళ్లు పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా ఒక రోజుగా లెక్క కడతారు, మనమూ అప్పుడే చూడాలి అని పిల్లలకి చెప్పాం. అంతే, రోజూ ప్రేయర్ బెల్ అయ్యాక గేటు దూకి వచ్చే ఇద్దరు అబ్బాయిలు ఎనిమిదింపావుకల్లా వచ్చి సీసా దగ్గర కాపలా. మన లెక్క నుంగంబాక్కం లెక్కతో కలవదు. ఒకరోజు మనది ఎక్కువ, ఒకరోజు వాళ్లది. ఎవరిది తప్పు? మనదే తప్పు అన్నారు సగం మంది, వాళ్లు గవర్నమెంటు కాబట్టి. ఇంకో సగం బయటికెళ్లి వెతికితే ఒక సీసా వేపచెట్టు కింద ఉంది, ఒకటి సన్‌షేడ్ నీళ్లు కారే చోట ఉంది. వాటిని మార్చారు. అయినా తేడా పోలేదు. అప్పుడు పేపరు చూపించాను, నుంగంబాక్కానికీ మీనంబాక్కానికీ కూడా ఒకే రోజు ఒకే లెక్క లేదు కదా, వాళ్లిద్దరిలో ఎవరిది తప్పు అని. ఒకే ఊళ్లో వాన ఒకేలా పడదన్న సంగతి వాళ్లకి అక్కడ తట్టింది.

డిసెంబరు మొదట్లో దిత్వా తుఫాను బలహీనపడి కూడా మన ఊరిని వదలకుండా కురిపించింది చూశారూ, బడికి లీవు ఇచ్చారు. సీసాలు ఇళ్లకి వెళ్లాయి. ఒక అబ్బాయి మేడ మీద పెట్టిన సీసా నిండి పొర్లిపోయింది. లెక్క పట్టికలో ఏం రాయాలి? సున్నా రాయమన్నారు కొందరు, లెక్క లేదు కాబట్టి. వాడు ఒప్పుకోలేదు, "అందరికంటే ఎక్కువ పడింది మా ఇంట్లోనే, నాకు సున్నానా?" అని. చివరికి సీసా ఎత్తు ఎంతో రాసి, దాని ముందు 'కంటే ఎక్కువ' గుర్తు పెట్టారు. ఆ గుర్తు ఎటు తిరిగి ఉండాలో ఇక వాడికి జన్మలో మర్చిపోవడం ఉండదు. అన్నట్టు, కలెక్టరుగారు కూడా సీసా చూసుకునే లీవు ఇస్తారా అని అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను. (నవ్వులు)

టిఫిను సంగతి ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. ముఖ్యమంత్రి టిఫిను పథకం 2022లో సర్కారు బడుల్లో మొదలై, 2025 ఆగస్టు 26న పట్టణాల్లోని ఎయిడెడ్ బడులకీ వచ్చింది, మైలాపూరులో మనలాంటి క్రైస్తవ ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలోనే ప్రారంభించారు. మా ఇంట్లో తింటాడు, అక్కర్లేదు అన్నవాళ్లున్నారు, అది మీ ఇష్టం. నేను చూసింది మాత్రం చెబుతాను. ఇదివరకు మొదటి పీరియడులో ఆవులింతలు, కడుపునొప్పి అని బల్ల మీద తల వాల్చడాలు ఉండేవి. పొద్దున్నే పనికి వెళ్లిపోయే అమ్మల పిల్లలే వాళ్లు, ఎవరి తప్పూ కాదు. ఇప్పుడా తలలు లేస్తున్నాయి. పొంగల్ ఉన్న రోజు హాజరు కూడా బాగుంటుంది, ఆ లెక్కని రెండో తరగతి వాళ్లు సీసా మూతలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించారు.

ఇప్పుడు చదవడం గురించి. దీని మీద నాకు కొంచెం బెంగ ఉంది, అందుకే మొహమాటం లేకుండా చెబుతాను. పిల్లలు ఎంత చదవగలరో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలో, 2024లో, దేశం మొత్తం మీద పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27 శాతం. మనది పల్లె కాదులెండి అనుకోకండి, మన తరగతుల్లోనూ గడగడా అప్పజెప్పి, పుస్తకం మూసి అదే వాక్యం బల్ల మీద రాస్తే చదవలేని పిల్లలున్నారు. తమిళనాడులో 2022 నుంచి ఎన్నుం ఎళుత్తుం, అంటే అంకెలూ అక్షరాలూ, అని ఒక పద్ధతి నడుస్తోంది, ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లల్ని వాళ్లు ఎంతవరకు చదవగలరో చూసి అరుంబు, మొట్టు, మలర్, అంటే చిరుమొగ్గ, మొగ్గ, పువ్వు అని మూడు స్థాయిలుగా చూస్తారు. ఒక అమ్మగారు వచ్చి, మా వాణ్ని అరుంబులో ఎందుకు పెట్టారు, పక్కింటి పిల్ల మలర్‌లో ఉంది, నాకు తలకొట్టేసినట్టుంది అన్నారు. అమ్మా, అది ర్యాంకు కాదు. వాడికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పే గుర్తు. జ్వరం ఎంతుందో చూడకుండా మందు వేస్తామా?

మన పిల్లలకి ఇంకో చిక్కు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో తమిళం తప్పనిసరి, 2006 చట్టం అది, పై నుంచి ఇంగ్లీషు. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, ఎక్కడ ఎలా పలకాలో వినికిడి మీద పట్టుకోవాలి. వీధిలో తమిళం విన్న పిల్ల చటుక్కున పట్టేస్తుంది, సెలవులన్నీ ఊళ్లో గడిపే పిల్లకి టైము పడుతుంది. దీనికి మందు ఇంట్లో తెలుగు మానేయడం కాదు. కొంతమంది మానేస్తున్నారు! నాన్న వచ్చీరాని ఇంగ్లీషులో, అమ్మ వచ్చీరాని తమిళంలో మాట్లాడుతుంటే పిల్లకి ఏ భాషా నిండుగా దొరకదు. మీకు బాగా వచ్చిన భాషలో కథలు చెప్పండి, తగాదాలు పడండి, బేరాలాడండి. చదవడం సంగతి మేం చూసుకుంటాం. ఐదో తరగతి వాళ్లు రోజూ భోజనాలయ్యాక ఒకటో తరగతి వాళ్ల పక్కన కూర్చుని పైకి చదివి వినిపిస్తున్నారు, చిన్నవాళ్ల కంటే పెద్దవాళ్లకే అది ఎక్కువ పనికొస్తోంది, తప్పు చదివితే చిన్నవాళ్లు ఊరుకోరు కాబట్టి.

జనవరిలో, పొంగల్ సెలవులయ్యాక, నాలుగు ఐదు తరగతుల్ని పరంగిమలై తీసుకెళ్లాం, సెయింట్ థామస్ మౌంట్. పెరంబూరు నుంచి సెంట్రల్, అక్కడ నడిచి పార్కు స్టేషను, అక్కణ్నుంచి తాంబరం రైలు. దారిలో నుంగంబాక్కం స్టేషను రాగానే పెట్టెలో ఒకటే అరుపులు, "మన వాన ఆఫీసు!" అని. పక్కన కూర్చున్న పెద్దాయన దిగిపోవాలా వద్దా అని కంగారుపడ్డారు.

కొండ గురించి మీకు తెలుసు. ఏసు శిష్యుడు పునీత తోమావారు క్రీ.శ. 72లో అక్కడే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి వేదసాక్షి అయ్యారని మన నమ్మకం. ఇప్పుడున్న గుడి, అంటే చర్చి, 1523లో పోర్చుగీసువాళ్లు కట్టింది. ఐదువందల ఏళ్లంటే ఎంత అని అడిగాడొకడు. మీ అమ్మ, ఆమె అమ్మ అనుకుంటూ వెళ్లమన్నాను. తరానికి పాతికేళ్లు చొప్పున వేసుకుంటే ఇరవై తరాలు. మెట్ల మీద ఇరవై మందిని వరసగా నిలబెట్టారు. చివర నిలబడ్డవాడు కింద నుంచి "నేను చూశాను గుడి కట్టడం!" అని అరిచాడు.

ఆ కొండ మీదే లాంబ్టన్ స్మారకం కూడా ఉంది, భక్తితో వెళ్లేవాళ్లు చాలామంది దాన్ని చూడకుండానే దిగిపోతారు. విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి 1802 ఏప్రిల్ 10న ఈ కొండ దగ్గరి మైదానంలో నేలని కొలవడం మొదలుపెట్టాడు. వంద అడుగుల ఉక్కు గొలుసు పట్టుకుని సుమారు ఏడున్నర మైళ్ల గీత. ఐదో తరగతి వాళ్లు అక్కడే మెట్ల మీద కూర్చుని లెక్క వేశారు, 39,600 అడుగులు, అంటే గొలుసుని 396 సార్లు పరచాలి. ఎండకి ఉక్కు సాగుతుందని పక్కన థర్మామీటర్లు పెట్టుకుని మరీ కొలిచారు. ఆ కొలతే తర్వాత దేశమంతా పాకి హిమాలయాల దాకా వెళ్లింది, ఎవరెస్టు ఎత్తు 1856లో ప్రకటించారంటే దానికి వేరు మన గిండీ పక్కనుంది.

బడికొచ్చాక మన గ్రౌండు కొలవమన్నాం, తాళ్లతో. నాలుగు బృందాలు, నాలుగు జవాబులు. ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించింది మామూలుగా బాగా చదివే పిల్లలు. బిక్కమొహం వేశారు. "కరెక్ట్ ఆన్సరు ఏది మిస్? అది చెప్పండి, రాసుకుంటాం" అని. లేదమ్మా, నాకూ తెలియదు అంటే నమ్మరు. మిస్‌కి తెలియకపోవడమేంటి అని వాళ్ల టెన్షన్ వాళ్లది. పుస్తకం వెనక జవాబు ఉండని లెక్కని ఐదేళ్ల చదువులో మొదటిసారి చూస్తున్నారు వాళ్లు, అది మన చదువు సంగతి చెబుతోంది కానీ ఆ పిల్లల సంగతి కాదు. తాడు వదులుగా ఉందనీ, మధ్యలో చెట్టు చుట్టూ తిరిగిందనీ, ఒకడు లాగి పట్టుకున్నాడనీ ఒకళ్ల తప్పులు ఒకళ్లు పట్టుకుని, మళ్లీ మళ్లీ కొలిచి, చివరికి నాలుగు జవాబుల మధ్య తేడా ఒక జానెడుకి తెచ్చారు. జానెడు ఎవరి జానెడు అని మళ్లీ ఇంకో తగాదా, అది వదిలేద్దాం.

ఇప్పుడు కొంచెం మొహమాటమైన విషయం. మన బడిలో క్యాథలిక్ పిల్లల కంటే మిగతా పిల్లలే ఎక్కువ. ఒక తండ్రి నవ్వుతూనే అడిగారు, మా వాడు వినాయకుడి ముందు కూడా శిలువ గుర్తు వేసుకుంటున్నాడు, ఏం చేయమంటారు అని. ఏం చేయక్కర్లేదండీ, వినాయకుడు ఏమీ అనుకోడు. (నవ్వులు) కానీ ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంటుంది, దానికి సూటిగా చెబుతాను. జ్ఞానోపదేశం క్లాసు క్యాథలిక్ పిల్లలకే, ఆ టైములో మిగతావాళ్లకి నీతి పాఠం. సర్కారు గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లకీ మతబోధ చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణలోనే ఉంది. మన బిషప్పుల సమాఖ్య కూడా 2024 ఏప్రిల్‌లో దేశంలోని క్యాథలిక్ బడులన్నిటికీ మార్గదర్శకాలు పంపింది, వేరే మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దొద్దు, పొద్దుటి బడి అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించండి అని.

పీఠిక చదివించడం మొదట్లో నాకు అంతగా నచ్చలేదు, నోటికొచ్చేసి గాలిలో కలిసిపోతుందని. మూడో తరగతి టీచర్ ఒక పని చేసింది. న్యాయం, సమానత్వం అని రోజూ చదువుతున్నారు కదా, మన క్లాసులో అన్యాయం ఏముంది చెప్పండి అంది. ఒక్క గొంతుతో, "ఫ్యాను!" ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటే సరిగ్గా తిరుగుతుంది, దాని కింద ఎప్పుడూ ఆ నలుగురే. వారం వారం మారేలా పట్టిక వేసుకున్నారు. తర్వాత ఒకడు, జ్వరం వచ్చి లేచినవాడికి వంతు కాకపోయినా ఇవ్వాలా అని లేవదీశాడు. ఇంకా తేలలేదు. రిపేరు చేయిస్తే పోతుంది కదా అంటారు మీరు, సిస్టరమ్మ కూడా అదే అన్నారు, ఎలక్ట్రీషియను రావాలి.

ఇక ఇప్పుడు నడుస్తున్న పని. ఈ ఏడాది ఫిబ్రవరి 18న విభూది బుధవారం, ఈస్టరు ముందు మన ఉపవాసాల తపస్సు కాలం మొదలయ్యే రోజు, వచ్చింది, మర్నాటి నుంచి రంజాన్ నెల. ఒకే వారంలో క్లాసులో నుదుటి మీద విభూది ఉన్నవాళ్లూ, పెద్దవాళ్లు ఉపవాసాలు మొదలుపెట్టిన ఇళ్ల పిల్లలూ. "మీది మాతో పాటే ఎందుకొచ్చింది?" అని పిల్లలే ఒకళ్లనొకళ్లు అడుక్కున్నారు. మంచి ప్రశ్న దానంతటదే వచ్చినప్పుడు వదులుకోకూడదు. ఇళ్ల నుంచి క్యాలెండర్లు తెమ్మన్నాం. రోజుకో చీటీ చింపే తమిళ క్యాలెండరు, మీ గోడ మీది తెలుగు క్యాలెండరు, చర్చి క్యాలెండరు, ఉర్దూ క్యాలెండరు, నేల మీద పరిచారు. వచ్చే గురువారం, 19న ఉగాది. ఆ వెంటనే రంజాన్ పండగ. ఏప్రిల్ 5న ఈస్టరు, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి తర్వాతి ఆదివారం అది. అన్నిటి వెనకా ఉన్నది చంద్రుడే. మరి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, ఉగాది ఎందుకు జరిగిపోదు? ఒక పాప మీ క్యాలెండర్లోనే దొరకబుచ్చుకుంది, మే, జూన్ పేజీల్లో అధిక జ్యేష్ఠం అని ఉంది కదా ఈ ఏడు. చంద్రుడి పన్నెండు నెలలు 354 రోజులే, ఆ తగ్గిన రోజులన్నీ పోగయ్యాక మనవాళ్లు ఒక నెల కలిపి సరిచేసుకుంటారు, రంజాన్ క్యాలెండరులో కలపరు. ఆ పాపకి తెలుగు చదవడం రాదు, ఆ క్యాలెండరు కోసం వాళ్ల నాయనమ్మ దగ్గర అక్షరాలు కూడబలుక్కుంది. ఇప్పుడు తెలుగు కూడా అంటుకుంది దానికి.

దాంతో పాటు చంద్రుడి పుస్తకం ఇచ్చాం, రోజూ సాయంత్రం బయటికెళ్లి ఎలా కనబడితే అలా గీయాలి, కనబడకపోతే కనబడలేదని రాయాలి. అంతే. నిన్న పుస్తకాలు చూశాను. మార్చి 3న పౌర్ణమి, ఆ రోజు చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు, చూడదగ్గ రోజు. సగం పుస్తకాల్లో ఆ పేజీ ఖాళీ, "బామ్మ బయటికి పోనివ్వలేదు" అని. సరే, రాసింది నిజం, నేను టిక్కు పెట్టాను. ఒకడు రెండు రోజులు మబ్బు గీశాడు, ఒక పిల్ల ఎదురు మేడ నీళ్ల ట్యాంకు గీసి, దీని వెనక ఉన్నాడు అని బాణం గుర్తు వేసింది. ఒక పుస్తకం మాత్రం అద్భుతం. స్కెచ్ పెన్నులు, కంపాసుతో వేసిన గుండ్రాలు, ఒక్క రోజు తప్పలేదు. ఒక్క రోజంటే ఒక్క రోజు తప్పలేదు, 18వ తేదీ అమావాస్య దాకా ఉంది. ఇవాళ 14. (నవ్వులు) ఇంకా రాని రాత్రులు కూడా వచ్చేశాయి అందులో. ఎవరిదో చెప్పను, ఇక్కడే ఉన్నారు.

తపస్సు కాలంలో పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే. ఇష్టమున్న పిల్లలే తెస్తారు, ఏ మతమైనా సరే, తేకపోతే అడగం. ఈసారి ఆ బియ్యం తూచడం మూడో తరగతికి అప్పజెప్పాం. రోజూ ఎంతమంది తెచ్చారో లెక్కపెట్టి, మొత్తం తూచి, ఒక పిడికెడు ఎంతో కట్టాలి. రోజుకో బరువు వస్తోంది. ఎవరి పిడికిలో తేల్చుకోవాలని, అమ్మ పిడికెడు, పిల్ల పిడికెడు వేరువేరు డబ్బాల్లో పోస్తున్నారు ఇప్పుడు. కాబట్టి దయచేసి మీ చేత్తో పోసి పంపినప్పుడు మీ చెయ్యని చెప్పండి, లేకపోతే వాళ్ల లెక్క చెడిపోతుంది.

మార్కుల సంగతి అడుగుతారని తెలుసు. పరీక్షలున్నాయి, పేపర్లు ఎప్పటిలాగే ఉంటాయి, వాటికి చదివిస్తున్నాం. హోంవర్కు తగ్గింది నిజమే, కావాలనే తగ్గించాం. ఖాళీగా కనబడుతున్నాడు, ట్యూషన్‌లో వేయమంటారా అని మాత్రం నన్ను అడగొద్దు, మూడో తరగతికి ట్యూషన్ ఏంటండీ! ఏప్రిల్ మొదటి వారంలో పుస్తకాలన్నీ బల్లల మీద పెడతాం, వాన పట్టికలు, చంద్రుడి పుస్తకాలు, బియ్యం లెక్కలు. వచ్చి చూడండి. అందంగా ఉండవు, ముందే చెబుతున్నాను. మీ పిల్లనే అడగండి, ఇది ఎందుకిలా రాశావు అని. పక్కన నిలబడి అందించకండి.

నేను చెప్పాల్సింది అయింది. ఆ చివర చెయ్యెత్తిన అన్నగారు, ఎగ్జిబిషన్ గురించే కదా? అడగండి. మైకు ఆయనకి అందించమ్మా.